విలియం హంటర్

విలియం హంటర్ (1718 మే 23 – 1783 మార్చి 30) స్కాట్లండుకు చెందిన శరీర నిర్మాణ శాస్త్రవేత్త, ప్రసూతి వైద్యుడు, పురాతన నాణేల సేకర్త. ఇతడు లండను నగరంలో వైద్యవృత్తి ద్వారా, బోధన ద్వారా విస్తారమైన ధనాన్ని ఆర్జించాడు. ఆ ధనంలో పెద్ద భాగాన్ని శరీర నమూనాలకు, పుస్తకాలకు, చిత్రాలకు, నాణేలకు వెచ్చించాడు. నాణేల సేకరణను దాదాపు యాభై ఏళ్ళ వయసు దాటిన తరువాతనే ప్రారంభించినప్పటికీ, పదమూడేళ్ళలో సుమారు 30,000 నాణేలను, పతకాలను సమకూర్చాడు. పారిస్‌లోని ఫ్రెంచి రాజు భాండాగారాన్ని మినహాయిస్తే ఐరోపాలో దీనికి సాటి రాగల సేకరణ ఆనాడు లేదని పేరు పొందింది. గ్రీకు నాణేలతో పాటు రోమన్ చక్రవర్తుల బంగారు, వెండి, కంచు నాణేలు ఇందులో విస్తారంగా ఉన్నాయి. ఈ సంపద ఇతని మరణానంతరం గ్లాస్గో విశ్వవిద్యాలయానికి చెంది, హంటేరియన్ మ్యూజియంగా నేటికీ నిలిచి ఉంది.

వైద్యశాస్త్ర చరిత్రలో పేరెన్నికగన్న శస్త్రవైద్యుడు జాన్ హంటర్ ఇతని తమ్ముడు. అన్నదమ్ములిద్దరి పేర్లతోనూ మ్యూజియాలు ఉన్నందువలన పాఠకులు తరచుగా పొరబడుతుంటారు. లండనులోని శస్త్రవైద్యుల కళాశాలలో ఉన్నది జాన్ సేకరణ. నాణేలు ఉన్నది విలియం సేకరణలో.

బాల్యము, విద్యాభ్యాసము

విలియం హంటర్ గ్లాస్గో నగరానికి దగ్గరలోని ఈస్ట్ కిల్‌బ్రైడ్ వద్ద లాంగ్ కాల్డర్‌వుడ్ అనే చిన్న వ్యవసాయ క్షేత్రంలో జన్మించాడు. తండ్రి జాన్ హంటర్, తల్లి ఆగ్నెస్ పాల్. పదిమంది సంతానంలో విలియం ఏడవవాడు, తమ్ముడు జాన్ కడగొట్టువాడు. 1731లో, పదమూడేళ్ళ వయసులో, మతాచార్యుడు కావాలన్న ఉద్దేశంతో గ్లాస్గో విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ లాటిను, గ్రీకు భాషలను, తత్వశాస్త్రాన్ని చదివాడు. నాణేలపై ఉన్న అక్షరాలను చదవడానికి ఈ చదువే తరువాతి కాలంలో అక్కరకు వచ్చింది. అయిదేళ్ళ తరువాత మతవిద్యను విడిచి, హామిల్టన్ పట్టణంలో వైద్యుడిగా ఉన్న విలియం కలెన్ వద్ద శిష్యునిగా చేరాడు. ఎడింబరోలో కొంతకాలం మన్రో ఉపన్యాసాలు విన్నాడు.

తరువాత లండను చేరి, తొలుత ప్రసూతి వైద్యుడు విలియం స్మెలీ వద్ద, 1741లో జేమ్స్ డగ్లస్ ఇంట ఉన్నాడు. డగ్లస్ మరుసటి సంవత్సరమే మరణించినా, హంటర్ ఆ కుటుంబంతోనే ఉండి, డగ్లస్ కుమారునితో కలిసి పారిస్ వెళ్ళి అక్కడి శవపరిచ్ఛేద పద్ధతిని నేర్చుకొన్నాడు. డగ్లస్ పండితుడే కాక, రోమన్ కవి హొరేసు గ్రంథాల ముద్రణలను వందల సంఖ్యలో సేకరించిన వ్యక్తి. వైద్యుడు గ్రంథ సేకర్త కావడమన్నది హంటర్ మొదటగా ఆ ఇంటనే దగ్గరగా చూశాడు.

వైద్యవృత్తి, బోధన

1746లో హంటర్ లండనులో శరీర నిర్మాణ శాస్త్రాన్ని బోధించడం ప్రారంభించాడు. అప్పటివరకు ఇంగ్లండులో ఒక శవాన్ని గురువు కోసి చూపిస్తుంటే విద్యార్థులందరూ దూరం నుండి చూసేవారు. పారిస్ పద్ధతిలో ప్రతి విద్యార్థీ స్వయంగా పరిచ్ఛేదం చేసే అవకాశం హంటర్ కల్పించాడు. ఇందుకు కావలసిన శవాలలో చాలా వరకు శ్మశానాల నుండి దొంగచాటుగా తవ్వి తెచ్చినవే. పేదల సమాధులే ఎక్కువగా దోపిడీకి గురయ్యేవి. బ్రిటనులో దీనికి చాలినంత చట్టబద్ధమైన మార్గం 1832 వరకు ఏర్పడలేదు. ఇతని కీర్తిని గురించి చెప్పేటప్పుడు ఈ విషయాన్ని దాచడం సరి కాదు.

ప్రసూతి వైద్యంలో హంటర్ ప్రతిష్ఠ వేగంగా పెరిగింది. 1762లో షార్లెట్ రాణి తొలి కాన్పు సమయంలో ఇతనిని సంప్రదించారు. తరువాత రాణికి వైద్యునిగా నియమితుడయ్యాడు. 1767లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. 1768లో రాయల్ అకాడమీ స్థాపించినపుడు చిత్రకారులకు శరీర నిర్మాణాన్ని బోధించే మొదటి ఆచార్యుడయ్యాడు. ఇతని ముఖ్య గ్రంథం గర్భాశయ నిర్మాణాన్ని వివరించే 1774 నాటి పెద్ద పటాల సంపుటి. అందులోని 34 ఫలకాలకు మూలచిత్రాలలో అత్యధిక భాగాన్ని యాన్ వాన్ రిమ్స్‌డైక్ గీశాడు.

భారతదేశానికి సంబంధించిన ఒక చిన్న విషయం కూడా ఇక్కడ చెప్పుకోవాలి. మనవైపు మనుబోతు అని పిలిచే నీల్‌గాయ్ మీద ఇంగ్లండులో వెలువడిన తొలి శాస్త్రీయ వ్యాసాలలో ఒకటి హంటర్ 1771లో ప్రచురించినదే. ఇండియా నుండి ఓడలో వచ్చిన ఆ జంతువును చిత్రించే పనిని ఇతడు జార్జ్ స్టబ్స్‌కు అప్పగించాడు. ఆ చిత్రం కూడా గ్లాస్గోలోనే ఉంది.

హంటర్ వివాహం చేసుకోలేదు. 1760ల మధ్యలో తన సొంత ధనం 7,000 పౌండ్లు వెచ్చించి లండనులో ఒక శరీర నిర్మాణ విద్యాలయాన్ని కట్టిస్తానని, ప్రభుత్వం స్థలం మాత్రం ఇస్తే చాలునని కోరాడు. ఆ విన్నపం ఫలించలేదు. చివరకు గ్రేట్ విండ్‌మిల్ వీధిలో తానే స్థలం కొని, వాస్తుశిల్పి రాబర్ట్ మైల్న్ చేత భవనం నిర్మింపజేశాడు. నివాసం, ఉపన్యాసశాల, పరిచ్ఛేదశాల, మ్యూజియం అన్నీ ఆ ఒక్క కప్పు కిందనే ఉండేవి. నాణేల పేటికలు చేరినదీ అక్కడికే.

ఇద్దరు వైద్యులు, రెండు సేకరణలు

హంటర్ లండనులో వృత్తిలో స్థిరపడుతున్న కాలంలో ఇద్దరు వృద్ధ వైద్యులు ఒకరి వెంట ఒకరు మరణించారు. 1753 జనవరిలో మరణించిన హాన్స్ స్లోన్ తన సేకరణను 20,000 పౌండ్లకు దేశానికి ఇవ్వవలసిందిగా వీలునామా రాశాడు. పార్లమెంటు అంగీకరించడంతో బ్రిటిష్ మ్యూజియం ఏర్పడింది. 1754 ఫిబ్రవరిలో మరణించిన రిచర్డ్ మీడ్ ఆనాటి వైద్యులలో అత్యంత ధనికుడు, ఉదారుడు. ఆయన పుస్తకాలు, చిత్రాలు, విగ్రహాలు, నాణేలు వరుసగా వేలానికి వచ్చాయి. నాణేలను 1755లో కోవెంట్ గార్డెన్‌లోని లాంగ్‌ఫర్డ్ వేలంశాలలో అమ్మారు. మొత్తం సుమారు 16,000 పౌండ్లు వచ్చాయని చెబుతారు. కాని మీడ్ జీవితకాలమంతా ఒకచోట చేర్చినది కొద్ది నెలలలో వందల చేతులలోకి చెదిరిపోయింది.

హంటర్ తన సేకరణకు ఏ గతి పట్టాలని తలచాడో తరువాత రాసిన వీలునామా వలన స్పష్టమవుతుంది. అయితే మీడ్ వంటివారి సేకరణలు చెదిరిపోయే ఆ వేలంపాటలే లేకుంటే హంటర్ సేకరణ ఏర్పడేది కాదు. ఇతని జీవితంలోని ఈ వైరుధ్యాన్ని గమనించాలి.

18వ శతాబ్దపు నాణేల వేలం

ఆనాటి వేలం పద్ధతి నేటికీ చాలావరకు మారలేదు. ఒక సేకర్త మరణిస్తే వారసులు పేటికలను వేలందారునికి అప్పగించేవారు. వేలందారుడు నాణేలను వరుస సంఖ్యలు గల భాగాలుగా విభజించి కేటలాగు అచ్చువేసేవాడు. అమ్మకం ఎన్నో సాయంకాలాలు సాగేది. అరుదైన బంగారు నాణేలను ఒక్కొక్కటిగా వర్ణించేవారు. కంచు నాణేలకు సాధారణంగా అంత గౌరవం దక్కేది కాదు. పది, ఇరవై నాణేలను ఒకే భాగంలో కలిపి, ఏ చక్రవర్తివో పేర్లు మాత్రం చెప్పి పాటకు పెట్టేవారు. అందువలన కొనేవాడు ముందుగానే వేలంశాలకు వెళ్ళి, ప్రతి నాణేన్నీ చేతిలోకి తీసుకొని చూడవలసి ఉండేది. ఒక్క మంచి నాణెం కోసం పనికిరాని పంతొమ్మిదింటిని కూడా కొనక తప్పేది కాదు. కొందరు తమ ప్రతులలో అమ్ముడైన ధరను, కొన్నవారి పేరును పక్కన రాసుకొనేవారు. అలా రాసిన కేటలాగులే ఒక నాణెం ఎవరి చేతి నుండి ఎవరి చేతికి మారిందో తెలుసుకోవడానికి చరిత్రకారులకు నేడు ముఖ్య ఆధారాలు.

సోథెబీ సంస్థకు మూలమైన శామ్యూల్ బేకర్ వ్యాపారం 1744లోను, క్రిస్టీ వేలంశాల 1766లోను మొదలయ్యాయి. హంటర్ సేకరణ ఆరంభించే నాటికి లండను ఈ వ్యాపారానికి కేంద్రంగా మారుతూ ఉంది. పుస్తకాల వేలంలో హంటర్ సాహసం అందరికీ తెలిసినదే. 1775లో ఆంథొనీ ఆస్క్యూ అనే మరొక వైద్యుని గ్రంథాలయం అమ్మకానికి వచ్చినపుడు, ఇంగ్లండు రాజు మూడవ జార్జి తరఫువారు, బ్రిటిష్ మ్యూజియం వారు, ఫ్రెంచి రాజు తరఫువారు పాల్గొన్న ఆ పాటలో ఇతడు కూడా పోటీపడి కొన్నాడు.

కంచు నాణేల ప్రాముఖ్యం

రోమన్ సామ్రాజ్యపు నాణేలలో కంచు నాణేలకు సేకర్తలు ఎందుకు అంత విలువ ఇస్తారో కొంత వివరించాలి. అగస్టస్ చక్రవర్తి క్రీ.పూ. 23 ప్రాంతంలో నాణేల వ్యవస్థను సంస్కరించాడు. దాని ప్రకారం ఒక బంగారు ఆరియస్‌కు 25 వెండి డెనారియస్‌లు, ఒక డెనారియస్‌కు 4 సెస్టర్షియస్‌లు, ఒక సెస్టర్షియస్‌కు 4 ఆస్‌లు. రెండు ఆస్‌ల విలువగల నాణెం డుపాండియస్. నిజానికి సెస్టర్షియస్, డుపాండియస్ ఇత్తడితోను, ఆస్ రాగితోను చేసినవి. అయినా అన్నింటినీ కలిపి కంచు నాణేలు అనడం వాడుక. హంటర్ కాలపు సేకర్తలు వీటిని పరిమాణాన్ని బట్టి పెద్దవి, మధ్యరకం, చిన్నవి అని మాత్రమే విభజించేవారు.

సెస్టర్షియస్ సుమారు 25 గ్రాములు, అంటే రెండు తులాలకు కాస్త ఎక్కువ బరువు ఉండే పెద్ద బిళ్ళ. బంగారు నాణెం మీద లేని వెడల్పు దీనిపై ఉన్నందున చెక్కేవారు బొమ్మవైపు చక్రవర్తి ముఖాన్ని వివరంగాను, బొరుసువైపు ఒక పూర్తి దృశ్యాన్ని చెక్కగలిగేవారు. నీరో నాణెంపై ఓడలతో నిండిన ఓస్టియా రేవు, వెస్పాసియన్ నాణెంపై ఓడిపోయిన జుడియా స్త్రీరూపంలో ఖర్జూరపు చెట్టు కింద కూర్చొని ఉండడం, టైటస్ నాణెంపై కొత్తగా కట్టిన కొలోసియం, హేడ్రియన్ నాణేలపై ఆయన సందర్శించిన రాష్ట్రాలు కనిపిస్తాయి. వార్తాపత్రికలు లేని సామ్రాజ్యంలో సామాన్యుని చేతికి చేరిన ప్రభుత్వ ప్రకటనలివి. బంగారం ధనికుల పెట్టెలో ఉండేది. రొట్టెల అంగడిలో తిరిగినది కంచు.

వీటిని సేకరించడంలో కష్టమూ ఎక్కువే. బంగారం భూమిలో రెండువేల ఏళ్ళున్నా మారదు. కంచు చిలుము పడుతుంది. ఆ చిలుము సమంగా, నునుపుగా, పచ్చగానో నల్లగానో గట్టిపడితే నాణేనికి అందం, విలువ పెరుగుతాయి. గరుకుగా పెళుసుబారితే అక్షరాలు పోతాయి. అరిగిన నాణేన్ని ఉలితో తిరిగి చెక్కి కొత్తదిగా చూపే మోసం కూడా పాతదే. 16వ శతాబ్దంలో ఇటలీలోని పాడువా నగరానికి చెందిన జొవాన్ని ద కవీనో (1500–1570) రోమన్ సెస్టర్షియస్‌లను పోలిన అచ్చులు చెక్కి ఎంతో నేర్పుగా పతకాలు వేశాడు. అవి ఐరోపా అంతటా వ్యాపించి అసలైన నాణేలుగా చలామణి అయ్యాయి. పాడువా నకళ్ళు అనే మాట సేకర్తలందరికీ భయం కలిగించేది. బరువు, అంచు, అక్షరాల తీరు, చిలుము స్వభావం పరిశీలించడం తప్ప వేరే మార్గం లేదు.

చక్రవర్తుల వరుస పూర్తి చేయాలన్న ఆశ మోసాలకు మరింత అవకాశమిచ్చింది. క్రీ.శ. 69లో మూడు నెలలు మాత్రమే పాలించిన ఓథో ఇందుకు మంచి ఉదాహరణ. రోము టంకశాలలో ఓథో పేరుతో బంగారం, వెండి నాణేలు మాత్రమే వేశారు. కంచు నాణేలు తూర్పు రాష్ట్రాలలో తప్ప వేయలేదు. ఈ సంగతి తెలియని సేకర్తలు ఓథో పెద్ద కంచు నాణెం కోసం ఎంత ధరైనా ఇవ్వడానికి సిద్ధపడేవారు. లేని నాణేన్ని తయారుచేసి ఇచ్చేవారికి కొదవ ఉండేది కాదు. కలిగులా నాణేలది మరొక కథ. అతని కంచు నాణేలను కరిగించవలసిందిగా సెనేటు ఆజ్ఞాపించినట్లు చరిత్రకారుడు డియో పేర్కొన్నాడు. అయినా చాలానే మిగిలాయి.

నాణేల సేకరణ

హంటర్ 1770 ప్రాంతం నుండి మరణించే వరకు నాణేలు కొంటూనే ఉన్నాడు. వేలంపాటలలోను, వర్తకుల వద్ద, వీలైన చోట ఒక సేకర్త పేటికను మొత్తంగాను కొన్నాడు. న్యాయవాది మాథ్యూ డ్యూయేన్ సేకరణ అలా చేరినదే. ఇతడు ఒక్క నాణేల మీదనే 20 వేల పౌండ్లకు పైగా ఖర్చుపెట్టాడు. ప్రభుత్వం తిరస్కరించిన విద్యాలయానికి ఇస్తానన్న మొత్తానికి ఇది దాదాపు మూడు రెట్లు.

ఇంత పనిని ఒక వైద్యుడు తన వృత్తి మధ్య ఒంటరిగా చేయడం సాధ్యం కాదు. మందుల వ్యాపారి కుమారుడు, తరువాత తానూ ప్రసూతి వైద్యుడైన చార్లెస్ కూంబ్ (1743–1817) ఇతనికి కుడిభుజంగా నిలిచాడు. నాణేలను ఎంచడంలోను, వర్గీకరించడంలోను కూంబ్ పాత్ర ఎంతో ఉంది. ఒకే నాణేనికి రెండు ప్రతులు ఉంటే మెరుగైన దానిని ఉంచుకొని రెండవదానిని తీసివేయడం ఆనాటి సేకర్తల అలవాటు. కేవలం లెక్క పెంచుకోవడానికి కాక, నాణెం స్థితిని చూసి కొన్నందువలననే హంటర్ పేటికకు పండితులలో గౌరవం లభించింది.

మొత్తం సేకరణను వర్ణించే గ్రంథమాలను కూంబ్ తలపెట్టాడు. మొదటి సంపుటం 1782లో లాటిను భాషలో వెలువడింది. గ్రీకు నగరాల, జాతుల నాణేలు అందులో అకారాది క్రమంలో ఉన్నాయి. సేకరణ ఏర్పడిన తీరును పీఠికలో వివరించారు. మరుసటి సంవత్సరమే హంటర్ మరణించడంతో ఆ పథకం అక్కడితో ఆగింది. రోమన్ సామ్రాజ్యపు నాణేల వంతు రానేలేదు.

హారో పాఠశాలలో కూంబ్ సహాధ్యాయులలో ఒకడు సర్ విలియం జోన్స్. జోన్స్ 1784లో కలకత్తాలో ఏషియాటిక్ సొసైటీని స్థాపించాడు. ఆ సొసైటీ పత్రిక రెండవ సంపుటంలోనే నెల్లూరు వద్ద దొరికిన రోమన్ నాణేల సమాచారం అచ్చయింది. 1786 ప్రాంతంలో ఒక రైతు నాగలికి ఇటుక కట్టడం తగిలి, తవ్వి చూడగా చిన్న గుడి శిథిలాలు, వాటి కింద ఒక కుండలో ట్రాజన్, హేడ్రియన్ల కాలపు బంగారు నాణేలు బయటపడ్డాయి. ఆంధ్ర ప్రాంతంలో దొరికిన రోమన్ నాణేలు ఎక్కువగా బంగారు, వెండివే. కంచు నాణేలు, అవీ సామ్రాజ్యపు చివరి కాలపు చిన్నవి, తమిళనాడు, శ్రీలంకలలో అధికంగా దొరుకుతాయి. దూరదేశపు వర్తకుడు లోహపు విలువ చూసి తీసుకొనేవాడు కనుక, రోములో మాత్రమే మారే ఇత్తడి బిళ్ళతో కృష్ణాతీరాన పనిలేకపోయింది.

అన్నదమ్ముల వైరం

విలియం, జాన్ హంటర్లు తొలుత గురుశిష్యుల వలె కలిసి పనిచేశారు. 1748లో లండను వచ్చిన జాన్ అన్న పరిచ్ఛేదశాలలోనే వృత్తి నేర్చుకొన్నాడు. 1780లో జాన్ రాయల్ సొసైటీలో చదివిన పత్రంలో, తల్లి రక్తానికి, మావికి గల సంబంధాన్ని 1754లో తానే కనుగొన్నట్లు ప్రకటించాడు. తన 1774 గ్రంథంలో ఆ విషయాన్ని అప్పటికే వెల్లడించిన విలియం, అది తన పరిశోధన అని వెంటనే అభ్యంతరం తెలిపాడు. సొసైటీ ఆ పత్రాన్ని అచ్చువేయలేదు. అన్నదమ్ముల మధ్య మాటలు ఆగిపోయాయి. ఎవరిది న్యాయమన్న విషయంలో చరిత్రకారులు ఏకాభిప్రాయానికి రాలేదు. సహాయకుల శ్రమను తన ఖాతాలో వేసుకోవడం విలియంకు అలవాటేనన్న విమర్శ మాత్రం మరికొందరి విషయంలోనూ వినవచ్చింది.

మరణము, వీలునామా

చివరి సంవత్సరాలలో హంటర్ కీళ్ళవాతంతో బాధపడ్డాడు. 1783 మార్చి 20న మంచం దిగవద్దన్న మిత్రుల మాట వినక, శస్త్రచికిత్సపై ప్రారంభ ఉపన్యాసం ఇచ్చి, ముగింపులో స్పృహతప్పాడు. మార్చి 30న మరణించాడు. పికడిల్లీలోని సెయింట్ జేమ్స్ చర్చిలో సమాధి చేశారు.

వీలునామాలో తమ్మునికి ఏమీ రాయలేదు. తండ్రి నుండి వచ్చిన లాంగ్ కాల్డర్‌వుడ్ క్షేత్రాన్ని సోదరి కుమారుడైన మాథ్యూ బెయిలీకి ఇచ్చాడు. ఇరవై రెండేళ్ళయినా నిండని ఆ యువకుడు దానిని స్వయంగా జాన్‌కు అప్పగించాడు. మ్యూజియాన్ని ముప్పై ఏళ్ళ వరకు లండనులో బెయిలీ ఉపయోగించుకొని, ఆ తరువాత గ్లాస్గో విశ్వవిద్యాలయానికి చేర్చాలని నిర్ణయించాడు. దాని పోషణకు 8,000 పౌండ్లు కేటాయించాడు. కూంబ్ ధర్మకర్తలలో ఒకడు. నాణేలను వేలానికి పెట్టి ఉంటే కుటుంబానికి పెద్ద మొత్తమే దక్కేది. ఆ మార్గాన్ని హంటర్ తన చేతితోనే మూసివేశాడు.

గ్లాస్గోలో మ్యూజియం

బెయిలీ గడువు పూర్తి కాకముందే తన హక్కును వదులుకోవడంతో 1807లో సేకరణ గ్లాస్గో చేరింది. వాస్తుశిల్పి విలియం స్టార్క్ గ్రీకు పద్ధతిలో కట్టిన భవనంలో అదే సంవత్సరం మ్యూజియం తెరిచారు. స్కాట్లండులోని ప్రజా మ్యూజియాలలో ఇదే అన్నింటికంటె పాతది. 1870లో విశ్వవిద్యాలయం గిల్‌మోర్‌హిల్‌కు తరలినపుడు మ్యూజియం కూడా అక్కడికి మారింది. స్టార్క్ భవనం నేడు లేదు.

ఈ నగరానికి ఉత్తరంగానే క్రీ.శ. 142లో ఆంటొనైనస్ పయస్ ఆజ్ఞపై కట్టిన మట్టిగోడ సాగుతుంది. ఆ గోడ వద్ద లభించిన శిలాఫలకాలు కూడా హంటేరియన్‌లోనే ఉన్నాయి. బ్రిటానియా విచారంగా కూర్చొని ఉన్నట్లు 154–155లో ఆ చక్రవర్తి వేయించిన కంచు ఆస్‌లు బ్రిటనులోనే ఎక్కువగా దొరుకుతాయి. ఎక్కడో రోము నాణేలను లండను వేలంలో కొన్న వ్యక్తి సేకరణ, చివరకు ఆ సామ్రాజ్యపు ఉత్తర సరిహద్దు పక్కన స్థిరపడడం కాకతాళీయమే అయినా పరిశోధకులకు ఎంతో మేలు చేసింది.

గ్రీకు నాణేల కేటలాగును జార్జ్ మక్‌డొనాల్డ్ 1899 నుండి 1905 వరకు మూడు సంపుటాలుగా కొత్తగా రచించాడు. రోమన్ సామ్రాజ్యపు నాణేలను చేపట్టినది ఆన్ రాబర్ట్‌సన్ (1910–1997). స్కాట్లండులోని రోమన్ కోటలలో తవ్వకాలు జరిపిన పురావస్తు శాస్త్రవేత్త ఈమె. అగస్టస్ నుండి నెర్వా వరకు గల మొదటి సంపుటం 1962లో, జీనో చక్రవర్తి వరకు గల అయిదవ సంపుటం 1982లో వెలువడ్డాయి. అంటే కూంబ్ మొదటి సంపుటానికి, రాబర్ట్‌సన్ మొదటి సంపుటానికి నడుమ 180 సంవత్సరాలు గడిచాయి. ఇరవై, ముప్పై కలిపి ఒకే పాటలో అమ్ముడుపోయే కంచు నాణేలు ఒక్కొక్కటిగా బరువు తూచబడి, వర్ణన పొంది, ఫలకాలకెక్కడానికి అంతకాలం పట్టింది. వాటిని కొన్నవాని వారసులు విడదీసి అమ్మనందువలననే ఇది సాధ్యమయింది. వేలంపాటల కేటలాగులలో నాణేలను గుర్తించడానికి ఈ సంపుటాలను నేటికీ ఉదాహరిస్తారు.

స్పాన్షియన్ నాణెం

1782లో, తన జీవితపు చివరి పెద్ద కొనుగోళ్ళలో ఒకటిగా, హంటర్ వియన్నాకు చెందిన జోసెఫ్ ద ఫ్రాన్స్ వారసుల నుండి నాణేలను కొన్నాడు. 1713లో ట్రాన్సిల్వేనియాలో దొరికినట్లు నమోదైన కొన్ని వింత బంగారు నాణేలు వాటిలో ఉన్నాయి. ఒకదానిపై స్పాన్షియన్ అనే పేరు ఉంది. అటువంటి చక్రవర్తిని గురించి ఏ ప్రాచీన చరిత్రకారుడూ చెప్పలేదు. 19వ శతాబ్దంలో ఫ్రెంచి పండితుడు ఆన్రీ కోయెన్ ఇవి నాసిరకపు ఆధునిక నకళ్ళని తీర్మానించాడు. తరువాత ఎవరూ పట్టించుకోలేదు. వేలంలో అయితే వీటికి లోహపు ధర మాత్రమే వచ్చేది, బహుశా కరిగించి ఉండేవారు కూడా.

2022లో లండన్ యూనివర్సిటీ కాలేజీకి చెందిన పాల్ పియర్సన్ బృందం ఈ నాణేలను సూక్ష్మదర్శిని కింద పరిశీలించింది. చలామణిలో ఏర్పడే గీతలు, చాలాకాలం మట్టిలో ఉన్నందున అంటిన ఖనిజపు పొర కనిపించాయని, ఇవి అసలైనవేనని, స్పాన్షియన్ 3వ శతాబ్దంలో డాసియా రాష్ట్రంలో అధికారం చేపట్టిన సేనాని కావచ్చునని ఆ బృందం ప్రకటించింది. నాణేలను అచ్చుకొట్టక పోతపోసి చేయడం, అక్షరాల తప్పులు, బరువులోని తేడాలు చూపి పలువురు నాణేల శాస్త్రవేత్తలు ఈ నిర్ణయాన్ని అంగీకరించలేదు. వివాదం తీరలేదు. స్పాన్షియన్ పేరుగల మరొక నాణెం రుమేనియాలోని సిబియు నగరంలో బ్రూకెంతాల్ మ్యూజియంలో ఉంది.

గ్రేట్ విండ్‌మిల్ వీధిలోని హంటర్ ఇంటి ముందుగోడ నేటికీ నిలిచి ఉంది. 1888లో నిర్మించిన లిరిక్ థియేటరుకు అది వెనుక భాగం.